డాక్టర్ విలియం హాల్‌స్టెడ్: ఒక మహా శస్త్రవైద్యుని జీవితం

అరకొర హకీము ప్రాణానికి ముప్పని ఉర్దూలో ఒక నానుడి ఉన్నది. నేర్చినది తక్కువై, చేసేది ఎక్కువైన వైద్యుని గురించి పెద్దలు చేసిన హెచ్చరిక అది. విద్యలో ఏ కొరతా లేని వైద్యునికి సైతం ఒక ముప్పు ఉంటుందని, అది తన చేతిలోని మందు సీసానుంచే రాగలదని ఆ నానుడి చెప్పలేదు. ఆ సంగతి చెప్పగల జీవితం ఒకటి వైద్య చరిత్రలో ఉన్నది. ఆధునిక శస్త్రచికిత్సకు బాట వేసిన ఆచార్యుడు, యువ వైద్యుల ఆసుపత్రి శిక్షణకు నేటి రూపాన్నిచ్చిన అమెరికా వైద్యుడు డాక్టర్ విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్ జీవితమది.

మన వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాలనుంచి నేడు పలువురు విద్యార్థినీ విద్యార్థులు నెల్లూరు, తిరుపతి, కర్నూలు, గుంటూరు వైద్య కళాశాలలకు వెళ్తున్నారు. వారిలో చాలామంది తమ ఇంటికే కాదు, తమ ఊరికే మొదటి డాక్టర్లు. ప్రవేశ పరీక్ష అనే కోటగుమ్మం దాటితే చాలునని ఇంటివారు తలుస్తారు. గుమ్మం దాటిన తరువాత ఎదురయ్యే పరీక్షను గురించి వారికి చెప్పేవారు అరుదు. హౌస్ సర్జన్‌గా, పి.జి. విద్యార్థిగా నిద్రలేని రాత్రులు గడపవలసిన వయస్సులోనే, నిద్రను ఆపే మాత్రా, నిద్రను తెచ్చే మాత్రా, నొప్పినీ దిగులునూ మరపించే సూదిమందూ చేతికి అందేటంత దగ్గరలో ఉంటాయి. అందుచేతనే ఈ సంచికకు మేము హాల్‌స్టెడ్ జీవితాన్ని ఎన్నుకున్నాము.

బాల్యము, విద్య

హాల్‌స్టెడ్ 1852 సెప్టెంబరు 23న న్యూయార్క్ నగరంలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించారు. తండ్రిది బట్టల దిగుమతి వ్యాపారం. యేల్ విశ్వవిద్యాలయంలో చదివిన నాలుగేండ్లూ ఆయనకు ఆటల మీద ఉన్న ఆసక్తి పుస్తకాల మీద లేదు. ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడైన ఆ యువకుడు కళాశాల గ్రంథాలయంనుంచి ఒక్క పుస్తకమైనా తీసుకున్న దాఖలా లేదంటారు. చివరి సంవత్సరంలో మాత్రం శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథమొకటి కొని చదవడంతో ఆయన మనస్సు వైద్యంవైపు మళ్ళింది. 1874లో న్యూయార్క్‌లోని కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అండ్ సర్జన్స్‌లో చేరి 1877లో ఉన్నత శ్రేణిలో పట్టం పుచ్చుకున్నారు.

తరువాత కొద్దికాలం న్యూయార్క్ హాస్పిటల్‌లో పనిచేస్తూ రోగి జ్వరం, నాడి, శ్వాసలను ఒకే కాగితంమీద గీతలుగా నమోదుచేసే పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టారు. నేడు ఏ ఆసుపత్రి మంచం దగ్గర చూసినా అటువంటి చార్టు కనిపిస్తుంది. ఆ ఆసుపత్రి రోజులలోనే విలియం వెల్చ్ అనే యువ వైద్యునితో ఆయనకు స్నేహం కుదిరింది. ఆ స్నేహం ఆయన జీవితాన్ని ఎట్లు నిలబెట్టిందో ముందు చూడగలము. 1878నుంచి 1880 వరకు వియన్నా మొదలైన ఐరోపా నగరాలలో తిరిగి, బిల్‌రోత్ వంటి మహా శస్త్రవైద్యుల పనిని కళ్ళారా చూసి స్వదేశానికి వచ్చారు.

న్యూయార్క్‌లో ఆయన ఎదుగుదల మెరుపువంటిది. రూజ్‌వెల్ట్ హాస్పిటల్‌తోబాటు మరికొన్ని ఆసుపత్రులలో పని, సాయంత్రాలలో వైద్య విద్యార్థులకు ప్రశ్నోత్తర తరగతులు, ఇంటినిండా మిత్రులు. ధైర్యమూ అంతే. ప్రసవానంతరం రక్తస్రావంతో ప్రాణాపాయ స్థితిలో ఉన్న తన చెల్లెలికి తన రక్తాన్నే తీసి ఎక్కించి బ్రతికించారు. పిత్తాశయంలో రాళ్ళు చేరి బాధపడుతున్న తల్లికి అర్ధరాత్రి దాటిన వేళ వంటింటి బల్లమీదనే ఆపరేషన్ చేశారు. ముప్పది యేండ్లు నిండీ నిండక మునుపే ఇంతటి పేరు గడించిన వైద్యునికి విద్యార్థులలో ఎటువంటి ఆకర్షణ ఉండేదో ఊహించవచ్చు. గురువు ఏది చేస్తే అది చేయడానికి వారు సిద్ధంగా ఉండేవారు.

1884: ఒక కొత్త మందు

1884 సెప్టెంబరులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నేత్రవైద్యుల సభ జరిగింది. వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ అనే యువ వైద్యుని ప్రయోగ ఫలితాలను ఆ సభలో చదివి వినిపించారు. కొకెయిన్ ద్రావణాన్ని కొద్ది చుక్కలు కంటిలో వేస్తే, రోగి మెలకువగా ఉండగానే కంటికి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయవచ్చునని దాని సారాంశం. అంతకు మునుపు ఆపరేషన్ అంటే ఈథర్‌తోనో క్లోరోఫారంతోనో మనిషిని పూర్తిగా స్పృహ తప్పించవలసి వచ్చేది. ఆ మత్తునుంచి తిరిగి లేవనివారూ ఉండేవారు. కనుక ఈ వార్త వైద్య ప్రపంచంలో గొప్ప సంచలనం కలిగించింది. అక్టోబరులో అది న్యూయార్క్ చేరింది.

హాల్‌స్టెడ్ దానిని మరొక మెట్టు పైకి తీసుకువెళ్ళారు. కొకెయిన్‌ను నాడి మొదట్లో సూదితో ఎక్కిస్తే ఆ నాడి పోయే మేరంతా తిమ్మిరెక్కుతుందని ఆయన ఊహ. ఆయనా, మిత్రుడు రిచర్డ్ హాల్, మరికొందరు యువ వైద్యులూ, విద్యార్థులూ ఒకరికొకరు సూదులు వేసుకుని ఆ ఊహను రుజువు చేశారు. కింది దవడ నాడికి మత్తు ఇచ్చే పద్ధతి ఆ సంవత్సరాంతంలోనే వెలువడింది. నేడు నెల్లూరులోనో ఆత్మకూరులోనో కింది పన్ను పీకించుకునేవారికి దంతవైద్యుడు దవడలో వేసే సూది ఆనాటి ప్రయోగాలకు వారసురాలే. మందు మాత్రం మారింది. కొకెయిన్ స్థానంలో 20వ శతాబ్దపు తొలి దశకంలో ప్రొకెయిన్, 1940ల తరువాత లిగ్నోకెయిన్ వచ్చాయి.

తమమీద తామే మందును పరీక్షించుకోవడం ఆ రోజులలో తప్పు కాదు, గౌరవం. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్, ఆయన సహాయకులు క్లోరోఫారంను తామే పీల్చి చూశారు. కొకెయిన్ అప్పటికి నిషిద్ధ వస్తువూ కాదు. మందుల దుకాణాలలో బాహాటంగా దొరికేది. అది మెదడులో ఆనందాన్ని కలిగించే రసాయనాలను తిరిగి పీల్చుకోనీయక అక్కడనే నిలువచేస్తుందని, అందువలన అలసట మాయమై అంతా సాధ్యమే అనే భ్రమ కలుగుతుందని, దాని ప్రభావం దిగగానే మనస్సు మునుపటికంటె లోతుకు కూలి మళ్ళీ అదే మందును కోరుతుందని ఆనాడు ఎవరికీ తెలియదు. పగలు ఆసుపత్రి, రాత్రి తరగతి, నడుమ ప్రయోగం. అలసిన ఆ యువకులకు కొకెయిన్ మొదట పరిశోధన, తరువాత సహాయం, ఆ పిమ్మట యజమాని అయినది.

1885 సెప్టెంబరులో హాల్‌స్టెడ్ కొకెయిన్‌ను గురించి ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రకటించారు. అప్పటికే వేయికి పైగా ఆపరేషన్లలో దానిని వాడిన అనుభవం ఆయనది. అయినా ఆ వ్యాసపు మొదటి వాక్యం తలా తోకా లేక మెలికలు తిరుగుతూ ఎక్కడికీ చేరకుండానే ముగుస్తుంది. కత్తి పట్టిన చేయి అణుమాత్రం వణకని సర్జను కలం పట్టి ఒక వాక్యాన్ని నిలబెట్టలేకపోయారు. ఆ మందును గురించి లోకంలో అందరికంటె ఎక్కువ తెలిసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ తెలివి ఆయనను కాపాడలేదు.

ఆ బృందంలో మిగిలినవారి గతి ఇంకా విషాదకరం. హాల్ న్యూయార్క్ విడిచి కాలిఫోర్నియా వెళ్ళి 1897లో, ఇంకా నడివయస్సులోనే మరణించారు. హాల్, మరి ఇద్దరు సహాయకులు ఆ అలవాటునుంచి బయటపడకుండానే కన్నుమూశారని హాల్‌స్టెడ్ తన జీవితపు చివరి దశలో మిత్రుడైన ఆస్లర్‌కు ఒక లేఖలో తెలిపారు. శిష్యుల పేర్లు గురువు మనస్సులో మూడు దశాబ్దాలకు పైగా మెదలుతూనే ఉండినవని దీనివలన గ్రహించవచ్చు.

స్నేహితుని చేయి

నలుగురూ ఒకే ఊబిలో దిగితే హాల్‌స్టెడ్ ఒక్కరు ఎట్లు పైకి వచ్చారు? ఆయన సంకల్పబలం అధికమనుకోవడానికి ఆధారం లేదు. ఆయనకు వెల్చ్ ఉన్నాడు. అప్పటికి వెల్చ్ బాల్టిమోర్‌లో కొత్తగా ఏర్పడుతున్న జాన్స్ హాప్కిన్స్ సంస్థలో ఆచార్యుడు. మిత్రుని స్థితి విని, 1886 ఆరంభంలో ఆయనను వెంటబెట్టుకుని కరేబియన్ దీవులకు నౌకాయానం చేశాడు. కొకెయిన్‌ను కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించాలని సంకల్పం. అది నెరవేరలేదు. ఆ మేలో హాల్‌స్టెడ్ రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని బట్లర్ హాస్పిటల్‌లో చేరి నెలల తరబడి చికిత్స పొందారు. ఆనాటి వైద్యులు కొకెయిన్ మాన్పించడానికి మార్ఫిన్ ఇచ్చేవారు. మార్ఫిన్ అంటే నల్లమందులోని సారం. ఒక గొలుసు తెంచబోయి మరొక గొలుసు తగిలించడమే అది.

చికిత్స ముగిసిన తరువాత న్యూయార్క్‌లో ఆయనకు తలుపులు మూసుకుపోయాయి. వెల్చ్ ఆయనను బాల్టిమోర్‌కు పిలిచి తన ఇంటనే ఉంచుకుని, తన ప్రయోగశాలలో పని ఇచ్చాడు. రోగులు లేరు, చప్పట్లు లేవు, తొందర లేదు. అక్కడ కుక్కల పేగులమీద ఓర్పుతో పరిశోధన చేసి, పేగు గోడలో కుట్టు ఏ పొరలో పడితే నిలుస్తుందో హాల్‌స్టెడ్ నిర్ణయించారు. ఆ విషయం నేటికీ శస్త్రవైద్యులకు ఆధారం. 1887 ఏప్రిల్‌లో ఆ పరిశోధనను హార్వర్డ్ వైద్య విద్యాలయంలో వినిపించి వచ్చిన వెంటనే ఆయన మళ్ళీ పడిపోయారు. మరల బట్లర్ హాస్పిటల్, మరల నెలల చికిత్స. రెండవసారి వచ్చినప్పుడూ వెల్చ్ తలుపు తెరిచే ఉన్నది. ఒకసారి పడినవానిని లేవనెత్తడం చాలామంది చేస్తారు. లేపిన తరువాత తిరిగి పడినవానిని మళ్ళీ లేపేవారు అరుదు. వెల్చ్ గొప్పతనం అక్కడ ఉన్నది.

బాల్టిమోర్ ఆచార్యుడు

1889 మేలో జాన్స్ హాప్కిన్స్ హాస్పిటల్ ప్రారంభమైనది. హాల్‌స్టెడ్‌ను మొదట తాత్కాలికంగా తీసుకుని, ఆయన పనిని గమనించి 1890లో ప్రధాన శస్త్రవైద్యునిగా, 1892లో ఆచార్యునిగా నియమించారు.

అదే 1889లో మన తెలుగు నేలమీద కూడ మత్తు మందుల గురించి ఒక గొప్ప విచారణ జరిగింది. క్లోరోఫారం ప్రాణం తీసేది గుండెను ఆపడం వల్లనా, శ్వాసను ఆపడం వల్లనా అనే వివాదాన్ని తేల్చడానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో, హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ నడిపించిన రెండవ హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ అది. లండన్‌నుంచి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నారు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి, దోషం శ్వాసదేనని కమిషన్ తేల్చింది. గుండె కూడ ఆగగలదని తరువాతి పరిశోధకులు నిరూపించారు. హైదరాబాద్‌లో పరీక్షించినది మందు రోగికి ఏమి చేస్తుందన్న సంగతి. ఆ మందు వైద్యునికే ఏమి చేస్తుందన్న ప్రశ్న అక్కడ పరీక్షకు రాలేదు. ఆ ప్రశ్నకు సమాధానం బాల్టిమోర్‌లో ఒక మనిషి గుండెలో దాగి ఉండినది.

బాల్టిమోర్‌కు వచ్చిన హాల్‌స్టెడ్ న్యూయార్క్ హాల్‌స్టెడ్ కాదు. వెనుకటి దూకుడు పోయి నిదానం వచ్చింది. ఆపరేషన్ ఎంత త్వరగా ముగిస్తే అంత గొప్ప అనే కాలంలో, కణజాలాన్ని పసిబిడ్డవలె సున్నితంగా తాకాలని, ప్రతి రక్తపు చుక్కనూ ఆపాలని, సన్నని పట్టుదారంతో పొర పొరకూ కుట్టాలని ఆయన నేర్పారు. హెర్నియా, థైరాయిడ్, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలలో ఆయన పద్ధతులు దశాబ్దాల తరబడి ప్రమాణంగా నిలిచాయి. రొమ్మును చుట్టుపక్కల కండరాలతో సహా తొలగించే ఆయన విధానాన్ని తరువాతి కాలం విడిచిపెట్టింది. సున్నితంగా పనిచేయాలన్న సూత్రం మాత్రం నిలిచినది.

శస్త్రచికిత్స గదిలో పనిచేసే కెరొలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణం వలన పుండ్లు పడుతున్నాయని గమనించి, గుడ్‌ఇయర్ రబ్బరు సంస్థచేత సన్నని చేతితొడుగులు చేయించి ఇచ్చారు. 1890 జూన్‌లో ఆమెనే వివాహమాడారు. ఒకరి చేతులను కాపాడటానికి పుట్టిన ఆ తొడుగులు క్రమేణ ఆపరేషన్ గదిలో అందరి చేతులకూ వచ్చి, రోగులను చీము దోషంనుంచి కాపాడాయి.

దాగిన సంగతి

ఇంతటి కీర్తి మధ్య ఆయన మార్ఫిన్ వాడుతూనే ఉన్నారు. ఆసుపత్రి ప్రధాన వైద్యుడైన విలియం ఆస్లర్ ఒకనాడు హాల్‌స్టెడ్ తీవ్రమైన చలి వణుకుతో ఉండగా చూసి సంగతి గ్రహించారు. మార్ఫిన్‌కు అలవాటుపడిన దేహానికి ఆ మందు అందనప్పుడు అటువంటి వణుకు వస్తుంది. ఆస్లర్ ఆయనను బట్టబయలు చేయలేదు, విశ్వాసంలోకి తీసుకున్నారు. తాను చూసినది రాసి ముద్రవేసి దాచారు. అది 1969లో మాత్రమే ప్రచురణ పొందింది. హాల్‌స్టెడ్ రోజుకు మూడు గ్రెయిన్లు, అంటే దాదాపు 200 మిల్లీగ్రాముల మార్ఫిన్ తీసుకునేవారని, 1898 నాటికి దానిని సగానికి తగ్గించగలిగారని, తరువాతి కాలంలో పూర్తిగా మాని ఉండవచ్చునని ఆ రచన వలన తెలుస్తున్నది.

ఈ సంగతి విని కొందరు యువకులు, మందు తీసుకుంటూనే ఆయన అంతటివాడు కాలేదా అని తర్కించవచ్చు. ఆ తర్కంలోని లోపాన్ని ఆయన జీవితమే చూపుతుంది. ఇంటినిండా మిత్రులున్న మనిషి ఏకాంతవాసి అయినారు. ప్రతి వేసవిలో నెలల తరబడి కనబడకుండా పోయేవారు. ఆసుపత్రిలో ఆయన రావలసిన రోజున రాక శిష్యులే పని నడిపిన సందర్భాలెన్నో. తన శిష్యులకు సైతం తన మనస్సు విప్పి చెప్పలేక, ప్రతిరోజూ ఒక అబద్ధాన్ని మోస్తూ ముప్పది సంవత్సరాలకు పైగా ఆయన జీవించారు. ఆయన సాధించినది మందు ఇచ్చిన వరం కాదు. మందు తీసుకోగా మిగిలిన భాగం అది. మొత్తం ఎంత ఉండెడిదో మనకు తెలియదు.

ఆయన నిర్మించిన శిక్షణ

హాల్‌స్టెడ్ లోకానికి ఇచ్చిన వాటిలో అన్నిటికంటె పెద్దది యువ శస్త్రవైద్యుల శిక్షణా విధానం. పట్టభద్రుడైన వైద్యుడు ఆసుపత్రిలోనే నివసిస్తూ, మెట్టు మెట్టుగా బాధ్యత పెంచుకుంటూ, చివరకు స్వతంత్రంగా ఆపరేషన్ చేసే స్థాయికి రావాలన్నది దాని సూత్రం. ఆసుపత్రిలో నివసించేవాడు కనుకనే రెసిడెంట్ అనే పేరు. అనేకులు మొదలుపెట్టినా పై మెట్టుకు చేరేది ఒక్కరే. ఆయన కాలమంతటిలో ప్రధాన రెసిడెంట్లు 17 మంది. 1904లో యేల్‌లో చేసిన ఉపన్యాసంలో ఆయన ఈ విధానాన్ని సమగ్రంగా వివరించారు. మెదడు శస్త్రచికిత్సకు పునాది వేసిన హార్వే కుషింగ్, వాల్టర్ డాండీ ఆయన దగ్గర తయారైనవారే. మన వైద్య కళాశాలలలోని పి.జి. విద్యార్థులు రెసిడెంట్లు అనిపించుకోవడం ఆ సంప్రదాయం వల్లనే.

ఆ విధానం గొప్పదే. అయితే రాత్రింబవళ్ళు ఆసుపత్రికే అంకితం కావాలన్న ఆచారం కూడ దానితోబాటే లోకమంతటా పాకింది. అలసటను ఒప్పుకోవడం పరువు తక్కువ అనే భావన అందులో పెరిగింది. 1984లో న్యూయార్క్ ఆసుపత్రిలో ఒక యువతి మరణించినప్పుడు, ఆమెకు వైద్యం చేసిన యువ డాక్టర్ల విశ్రాంతి లేని డ్యూటీలపై పెద్ద చర్చ లేచింది. చివరకు 2003లో అమెరికా అంతటా రెసిడెంట్ల పని వారానికి 80 గంటలు మించరాదని నియమం వచ్చింది. నిద్ర లేనివానికి నిద్ర ఇవ్వకుండా, మెలకువ మాత్ర మింగవద్దని నీతి చెప్పడం వ్యర్థమని గ్రహించడానికి అంతకాలం పట్టింది.

1922 ఏప్రిల్‌లో, దవడ నాడికి మత్తు ఇచ్చే పద్ధతిని కనుగొన్నందుకు అమెరికా దంతవైద్య సంఘం ఆయనకు బంగారు పతకం ఇచ్చి గౌరవించింది. ఏ ప్రయోగం తనను కూల్చినదో ఆ ప్రయోగానికే ముప్పది ఏడేండ్ల పిమ్మట సన్మానం. ఆ వేసవి తరువాత పిత్తనాళంలో రాళ్ళకు తన పూర్వ శిష్యులచేతనే ఆపరేషన్ చేయించుకుని, సెప్టెంబరు 7న బాల్టిమోర్‌లో పరమపదించారు. కొద్ది నెలలలో భార్య కెరొలిన్ కూడ మరణించారు. వారికి సంతానం లేదు. ప్రపంచమంతటా ఉన్న శస్త్రవైద్యులే ఆయన సంతతి.

మనకు మిగిలినది

వైద్య విద్యకు వెళ్ళబోయే మా విద్యార్థినీ విద్యార్థులు ఈ జీవితంనుంచి గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. మందును గురించిన జ్ఞానం మందునుంచి రక్షణ కాదు. ఇతరులకు చీటీ రాసే చేయి తనకు తాను చీటీ రాసుకోరాదు. తన వైద్యానికి మరొక వైద్యుని ఆశ్రయించడం వినయమే గాని అవమానం కాదు. పరీక్ష రాత్రి ఒక మాత్రతో మొదలైనది అక్కడే ఆగుతుందని హాల్‌స్టెడ్ అంతటివాడు హామీ ఇవ్వలేకపోయాడు.

హాస్టల్ గదిలో తోటివాడు ఆ బాట పట్టినట్లు కనిపిస్తే, దాచిపెట్టడమూ స్నేహం కాదు, వెలివేయడమూ నీతి కాదు. మన దేశపు మాదక ద్రవ్యాల చట్టం 1985 నాటిది. అంతటి కఠినమైన చట్టంలో సైతం 64ఏ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. అలవాటుపడిన వ్యక్తి తానై ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్ళి దానిని పూర్తిచేస్తే, సొంత వాడకం వంటి నేరాలకు అతడిని శిక్షకు గురిచేయరాదని దాని భావం. 2022 అక్టోబరునుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ, ఉర్దూలోనూ మాట్లాడవచ్చు. చట్టానికి ఉన్నపాటి దయ అధ్యాపకులకు, కమిటీ పెద్దలకు, తల్లిదండ్రులకు ఉంటే చాలును. శిక్ష భయంతో నోరు మూసుకున్న విద్యార్థి హాల్ అవుతాడు. ఎవరితోనైనా చెప్పుకోగలిగిన విద్యార్థి హాల్‌స్టెడ్ అవుతాడు.

ఈ మెట్ట సీమనుంచి ఎందరో హాల్‌స్టెడ్‌లు రావాలని కోరుకుందాము. అంతకంటె ఎక్కువగా, ప్రతి వైద్య కళాశాల హాస్టల్లోనూ ఒక వెల్చ్ ఉండాలని కోరుకుందాము. మొదటివారు తెలివితో తయారౌతారు. రెండవవారు తయారు కావడానికి మంచి మనస్సు చాలును, దానికి ప్రవేశ పరీక్ష లేదు.